మొదటి పలక మీద ఎవరు?

నేను ఒక నల్లబల్లని. బల్ల అన్నాను కదా అని చెక్క అనుకోకండి, నేను రాయిని. మార్కాపురం చుట్టుపక్కల నేల కింద పొరలు పొరలుగా పడి ఉండే నల్లటి పలకరాయిని. పసిపిల్లలు ఒళ్లో పెట్టుకొని అక్షరాలు దిద్దుకునే పలకలూ నేనూ ఒకే గుంటలోంచి వచ్చాం. వాటిని లారీలకెత్తి ఊరూరా పంపారు. నన్ను మాత్రం గోడకి బిగించి, బతుకంతా ఒకే గదిని చూస్తూ పడి ఉండమన్నారు. మనుషులంటే నాకు మొదటినుంచీ పడదు. అది దాచిపెట్టి మంచిదానిలా మాట్లాడటం నాకు చేతకాదు.

నా అంత పెద్ద రాయి ఒక్కటిగా దొరకదు. అందుకని మూడు పలకల్ని పక్కపక్కన పేర్చి, ఇసకా నీళ్లూ పోసి నునుపుగా రుద్ది, వేపచెక్క చట్రంలో బిగించారు. పలకకీ పలకకీ నడుమ సన్నటి గీత మిగిలిపోయింది. సుద్దముక్క ఆ గీత దాటిన ప్రతిసారీ టక్కుమంటుంది. చేసినవాళ్లు అది లోపమనుకొని సిగ్గుపడ్డారు.

ఆ గుంట రామానుజరావుది. పలకల వ్యాపారంలో బాగా గడించాక ఆయన గుంటకి కూతవేటు దూరంలో హాస్టలుతో సహా ఒక హైస్కూలు పెట్టాడు. చుట్టుపక్కల పల్లెల్లో మేకలు కాసేవాళ్లూ రాయి కొట్టేవాళ్లూ తమ పిల్లల్ని తెచ్చి అక్కడ వదిలేవారు. ఆయన తనని కరస్పాండెంట్ గారు అని పిలిపించుకునేవాడు. బడికి కర్త, కర్మ, క్రియ అన్నీ ఆయనే అని ఊరంతా అనుకునేది. ఎవరైనా పెద్దమనిషి బడి చూడటానికొస్తే ఆయన పదో తరగతి గదిలోకి తీసుకొచ్చి, నా మీద అరచేత్తో చరిచి, ఇది నా సొంత రాయండీ అనేవాడు. ఆ చరుపు నాకు ఒళ్లు మండించేది.

పరంజ్యోతి మాస్టారు ఇంగ్లీషు చెప్పడానికి వచ్చేనాటికి ఆయనకి నలభై దాటాయి. సన్నటి మనిషి, ఎవరో అప్పుడే తిట్టి వెళ్లినట్టు ముడుచుకున్న ముఖం. అంతకుముందు పనిచేసిన బళ్లలో యాజమాన్యంతో తగువు పెట్టుకొని బయటికొచ్చాడనీ, ఇక్కడ కూడా అలాగే చేస్తే పుట్టింటికి వెళ్లిపోతానని భార్య చెప్పిందనీ తోటి మాస్టర్లు నా ముందే చెప్పుకొని నవ్వుకునేవారు. ఆయన ఎవరితోనూ కలిసేవాడు కాదు. పిల్లల్ని ఒక్కనాడూ మెచ్చుకొని ఎరగడు. సుద్దముక్కని మేకు కొట్టినట్టు కొట్టి రాసేవాడు. చుక్క పెట్టినప్పుడల్లా నా ఒంట్లో ఎక్కడో జివ్వుమనేది.

అయినా ఒకటి ఒప్పుకోవాలి. నా మూడు పలకలూ ఎందుకు పనికొస్తాయో కనిపెట్టిన మొదటి మనిషి ఆయన. వచ్చిన వారంలోనే మొదటి పలక మీద ‘ఎవరు’ అనీ, రెండో పలక మీద ‘ఏం చేశారు’ అనీ, మూడో పలక మీద ‘దేన్ని’ అనీ నెత్తిన రాశాడు. ఇంగ్లీషు వాక్యం ఈ వరసలోనే నడుస్తుందనీ, గీత దాటేటప్పుడు టక్కుమని వినబడాలనీ చెప్పాడు. మన భాషలో మేకని అమ్మాను అంటే చాలు, అమ్మింది నేనే అని ఆ క్రియ తోకే చెప్పేస్తుంది. మనిషిని వేరే పిలవనక్కర్లేదు. ఇంగ్లీషు క్రియకి అంత తోక లేదు. కాబట్టి మనిషి స్వయంగా వచ్చి మొదటి పలక మీద నిలబడాల్సిందే. వాన పడినా సరే ఎవరో ఒకరు నిలబడాలి, ఎవరూ దొరక్కపోతే ‘ఇట్’ అనే దిక్కులేని మాటనైనా తెచ్చి నిలబెట్టాలి. పిల్లలు ఈ మొదటి పలకనే మర్చిపోయేవారు. నేరుగా రెండో పలక మీద మొదలెట్టేవారు. అప్పుడాయన బెత్తంతో నా చట్రం మీద కొట్టి, ఎవరు, ఎవరు అని అరిచేవాడు. పిల్లలు ఆయనకి ఎవరుసారు అని పేరు పెట్టారు.

ఆ తర్వాత వాక్యాల్ని కలపడం. రెండు చిన్న వాక్యాల్ని ‘అండ్’తోనో ‘బట్’తోనో కలిపితే అది కాంపౌండ్. ఇద్దరు అన్నదమ్ములు ఒక గట్టు మీద కూర్చున్నట్టు, ఒకరు లేచిపోయినా రెండోవాడు కూర్చునే ఉంటాడు. కాంప్లెక్స్ అలా కాదని చెప్పేవాడు. అందులో ఒక యజమాని వాక్యం, ఒక పాలేరు వాక్యం ఉంటాయి. ‘బికాజ్’, ‘వెన్’, ‘ఆల్దో’ ఇలాంటి మాట మెడలో పడ్డ వాక్యం పాలేరు, అది ఒంటరిగా నిలబడలేదు. ఏ మాటని యజమానిని చేస్తావో ఏ మాటని పాలేరుని చేస్తావో, అక్కడే నీ బుద్ధి బయటపడుతుందనేవాడు. పిల్లలకి ఈ ముక్క బాగానే ఎక్కింది. వాళ్ల ఇళ్లలో పాలేర్లకి కొదవ లేదు.

ఆఖరి బెంచీలో మాలకొండ అని ఒక పిల్లాడుండేవాడు. మేకలు కాసే గురవయ్య కొడుకు. తరగతిలో అందరికంటే పొడుగు, ఇంగ్లీషులో అందరికంటే వెనక. మాస్టారికీ వాడికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. నాకూ వాడికీ అంతే. నా గీతల్లో తడిమట్టి కూరేవాడు, కాంపాసు మొనతో నా చట్రం మీద గొర్రెల బొమ్మలు చెక్కేవాడు. ‘బికాజ్ వాటర్ నో’ అని రాసి ఊరుకునేవాడు, యజమాని లేని పాలేరుని నడిరోడ్డు మీద వదిలేసినట్టు. మాస్టారు వాడి అరచేతులు వాచేలా కొట్టేవాడు.

ఒకరోజు వాడిని లేపి, దమ్ముంటే ఒక్క సరైన వాక్యం రాసి చూపించమన్నాడు. మాలకొండ నింపాదిగా వచ్చి సుద్దముక్క తీసుకున్నాడు. మొదటి పలక మీద ‘సార్’ అని రాశాడు. గీత దాటి రెండో పలక మీద ‘బీట్స్’ అని రాశాడు. మూడో పలక మీద ‘మి’ అని రాసి, చుక్క పెట్టి, పక్కకి జరిగి చెయ్యి చాపాడు. సార్ నన్ను కొడతాడు.

పరంజ్యోతి ఆ మూడు మాటల్నీ ఒక్కొక్కటిగా చదివాడు. ‘బీట్’ చివర ఎస్సు కూడా వాడు మర్చిపోలేదు. ఆయన దాని పక్కన టిక్కు పెట్టి, వెళ్లి కూర్చో అన్నాడు. ఆ తర్వాత బెత్తం మానేశాడని చెబితే వినడానికి బాగుంటుంది గానీ మానలేదు. మాలకొండ జోలికి మాత్రం మళ్లీ పోలేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా ఆ ఏడాది చాలావరకు నెట్టుకొచ్చారు.

ఎండలు ముదిరాయి, పరీక్షలు దగ్గరికొచ్చాయి. అప్పుడు బడి బోరులో నీళ్లు అడుగంటి మోటారు కాలిపోయింది. కొత్త బోరు వేయించమని వార్డెను అడిగితే రామానుజరావు సెలవుల్లో చూద్దామన్నాడు. క్వారీ గుంటలో వాననీళ్లు నిలిచి ఉన్నాయి కదా, ట్రాక్టరు ట్యాంకరు పెట్టి తోలించండి అన్నాడు. ఆ గుంటలో ఏముందో నాకు తెలుసు, నేను పుట్టింది అక్కడే. రాయి కొట్టేవాళ్లు కాలకృత్యాలకి దాని అంచుకే వెళ్తారు, చచ్చిన కుక్కల్ని దాంట్లోకే ఈడుస్తారు. నీళ్లు పైకి తేటగానే కనబడతాయి, ఆకుపచ్చగా, అందంగా.

హాస్టలు పిల్లలు ఆ నీళ్లే తాగారు. టౌన్లోంచి వచ్చే మాస్టర్లు ఎవరికి వారు ఇంటినుంచి సీసాలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. పరంజ్యోతి కూడా తెచ్చుకున్నాడు. కిటికీలో, నాకు ఎదురుగా పెట్టేవాడు. ఒకరోజు కరస్పాండెంటు నా గదిలోకి తొంగిచూసినప్పుడు, గుంట నీళ్లు వాసనొస్తున్నాయి సార్, కాచి పోయించినా మేలు అని పిల్లలకి వినబడకుండా అన్నాడు. రామానుజరావు కిటికీలో సీసా వైపు ఒకసారి చూశాడు.

“ఏందయ్యా పరంజ్యోతీ, నిన్ను పెట్టుకుంది ఇంగ్లీషు చెప్పడానికి. నీళ్ల సంగతి చెప్పడానిక్కాదు. ఈ ఉద్యోగం కూడా బరువైందా?”

పరంజ్యోతి నా వైపు తిరిగి, సగంలో ఆగిన వాక్యం పూర్తి చేశాడు. ఆ పూట సుద్దముక్క చేతిలోనే విరిగింది. నేను ఆయన్ని అన్నిటికంటే ఎక్కువగా అసహ్యించుకున్నది ఆ నిమిషంలోనే.

తర్వాత జరిగింది తొందరగా జరిగింది. వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. హాస్టల్లో చోటు చాలక బెంచీలు జతచేసి పిల్లల్ని నా గదిలో పడుకోబెట్టారు. సెలైన్ సీసాలు తగిలించడానికి ఏమీ దొరక్క నర్సు నా చట్రానికి మేకులు కొట్టించింది. నా మీద ముందురోజు పాఠం అలాగే ఉంది, దాని మీదుగా గొట్టాలు వేలాడాయి. మాలకొండ కిటికీ పక్కన పడుకున్నాడు. పొడుగు పిల్లాడు కావడంతో కాళ్లు బెంచీ దాటి బయటికొచ్చాయి. దాహం దాహం అన్నాడు. మాస్టారు తన సీసా తీసుకెళ్లి వాడి నోట్లో పోయబోతే తల పక్కకి తిప్పుకున్నాడు. కోపమో, ఓపిక లేకో నాకు తెలియదు. వాణ్ణి ట్రాక్టరులో ఒంగోలు పెద్దాసుపత్రికి ఎక్కించారు. నీళ్లు మోసిన ట్రాక్టరే. వాడు తిరిగి రాలేదు.

మిగిలిన పిల్లలు లేచారు. బెంచీలు మళ్లీ వరసలో పెట్టారు. విచారణకి జిల్లానుంచి ఆఫీసరు వస్తున్నాడన్న కబురు వచ్చింది. రామానుజరావు ఒక సాయంత్రం పరంజ్యోతిని నా గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు. జరిగింది ఇంగ్లీషులో నాలుగు వాక్యాల్లో నా మీద రాయమన్నాడు. ఆఫీసరు పదో తరగతి పిల్లల్ని ప్రశ్నిస్తాడనీ, తలా ఒకటి వాగకుండా అందరికీ అదే బట్టీ పట్టించాలనీ చెప్పాడు.

“అబద్ధం రాయొద్దు. రేపు అది మనకే చుట్టుకుంటది. జరిగిందే రాయి. ఎవురు చేశారన్నది మాత్రం ఉండకూడదు. ఇంగ్లీషులో అట్టాంటిది ఉందంట గదా.”

ఉంది. పాసివ్ వాయిస్ అంటారు. మాస్టారు దాన్ని అంతకుముందే పాఠం చెప్పాడు. మూడో పలక మీదుండే వస్తువుని తెచ్చి మొదటి పలక మీద కూర్చోబెడతారు. చేసినవాణ్ణి వాక్యం చివరికి నెట్టి ‘బై’ అనే మాట వెనక నిలబెడతారు. అక్కడినుంచి తుడిచేసినా వాక్యం పడిపోదు. చేసింది ఎవరో అందరికీ తెలిసినప్పుడూ, ఎవరైనా ఒకటే అయినప్పుడూ మాత్రమే అలా తుడవాలి, దాచుకోవడానికి తుడవకూడదు అని ఆయన పిల్లలకి నొక్కి చెప్పాడు. చెప్పిన మనిషే ఆ సాయంత్రం తలూపాడు. చక్కటి అక్షరాలతో రాశాడు: ‘వాటర్ వాజ్ బ్రాట్ ఫ్రమ్ అవుట్‌సైడ్.’ నీళ్లు బయటినుంచి తేబడ్డాయి. ‘సమ్ స్టూడెంట్స్ వర్ ఫౌండ్ ఇల్.’ కొందరు విద్యార్థులు అస్వస్థులుగా కనుగొనబడ్డారు. ‘ఆల్దో ఆల్ కేర్ వాజ్ టేకెన్, ఎ వీక్ బాయ్ ఎక్స్‌పైర్డ్.’ అన్ని జాగ్రత్తలూ తీసుకోబడినప్పటికీ, బలహీనుడైన ఒక బాలుడు మరణించాడు. ‘ఇట్ ఈజ్ డీప్లీ రిగ్రెటెడ్.’ ఇది తీవ్రంగా విచారించబడుతోంది.

వ్యాకరణం ప్రకారం ఒక్క తప్పు లేదు. మొదటి పలక నిండా మాటలున్నాయి, చేసిన మనిషి మాత్రం లేడు. మాలకొండ పేరు కూడా లేదు. నాలుగు వాక్యాలూ మోస్తూ ఆ రాత్రంతా గోడకి ఆనుకొని ఉన్నాను.

మర్నాడు బడి మొదలుకాకముందే గురవయ్య వచ్చాడు. కొడుకు ట్రంకుపెట్టె తీసుకెళ్లడానికి వచ్చాడు. భుజాన గొంగళి, కాళ్లకి చెప్పుల్లేవు. వార్డెను రావడానికి ఇంకా టైముంది, పరంజ్యోతి ఒక్కడే గదిలో ఉన్నాడు. గురవయ్య గుమ్మంలో నిలబడి నన్ను చూసి, మావాడి సంగతేనా రాసింది అని అడిగాడు. మాస్టారు అవునన్నాడు. చదవమన్నాడు. మాస్టారు తెలుగులో చదివాడు. నీళ్లు బయటినుంచి తేబడ్డాయి, అని ఆగాడు. ఆ మాట ఇంగ్లీషులో ఉన్నంతసేపూ మర్యాదగానే ఉంది. తెలుగులోకి వచ్చేసరికి గుడ్డలూడిపోయినట్టయింది.

గురవయ్యకి అర్థం కాలేదు.

“తేబడటమేంది సారూ? నీళ్లకేమన్నా కాళ్లుండయ్యా, వాటంతటయ్యే నడిసి రావడానికి?”

గురవయ్య కిటికీలో ఉన్న సీసా దగ్గరికి వెళ్లి చేత్తో ముట్టుకున్నాడు.

“ఇయ్యి మీ నీళ్లా?”

“అవును.”

“అయితే ఆ నీళ్లు మంచియ్యి గావని మీకు తెలుసు.”

“తెలుసు.”

“మావోడికి చెప్పలా?”

“చెప్పలేదు.”

గురవయ్య తిట్టలేదు, కొట్టలేదు. పెట్టె సంగతి మర్చిపోయినట్టున్నాడు, వట్టి చేతులతోనే వెళ్లిపోయాడు. పరంజ్యోతి కుర్చీలో కూలబడి బెల్లు కొట్టేదాకా అలాగే ఉన్నాడు.

పిల్లలు వచ్చారు. మొదటి బెంచీలో జులేఖ అనే పిల్ల ఉండేది. టౌన్లో పరుపులు కుట్టే మస్తాన్‌వలి కూతురు, ఇంటినుంచి వచ్చి చదువుకునేది. మాస్టారి చేత తిట్లు తిన్నా తల దించని పిల్ల. నా మీద రాసినదాన్ని పిల్లలంతా గొంతు కలిపి వల్లె వేస్తుంటే ఆ పిల్ల నోరు మెదపలేదు. ఎందుకు చదవడం లేదని మాస్టారు అడిగాడు. జులేఖ లేచి నిలబడింది.

“మొదటి పలక మీద ఎవురూ లేరు సార్. ఎవురు?”

ఆయన మాటే ఆయన మీదికి విసిరింది. ఆయన గొంతు అనుకరించిందని కూడా నాకు అనిపించింది. వల్లెవేత ఆగిపోయింది. మాస్టారి ముఖం నల్లబడింది. కొడతాడనుకున్నాను. ఆయన బెత్తం తీసి కిటికీలోంచి బయట పారేసి, అందరినీ పుస్తకాలు మూసి నా వైపు చూడమన్నాడు. గొంతులో కరుకుదనం మాత్రం ఇసుమంత తగ్గలేదు.

పాసివ్‌లో ఉన్నదాన్ని యాక్టివ్‌లోకి మార్చమన్నాడు. నీళ్లు ఎవరు తెచ్చారు? ముందువరసలో ఒకడు ట్రాక్టరు డ్రైవరు అన్నాడు. డ్రైవరు తనంతట తాను వెళ్లాడా అని అడిగాడు. లేదు సార్, పంపించారు అన్నారు. ఎవరు పంపించారు? ఈసారి ఎవరూ మాట్లాడలేదు. పంపించారు, తోలించారు, పోయించారు అని తెలుగులో ఎంతసేపైనా ఎవరి పేరూ ఎత్తకుండా గడపొచ్చు, గౌరవానికి గౌరవమూ దక్కుతుంది. ఆ పిల్లల తండ్రులు చాలామంది రామానుజరావు గుంటలోనే రాయి కొడుతున్నారు. వాళ్ల మౌనాన్ని నేను తప్పుపట్టలేను.

జులేఖ వచ్చి ‘వాటర్ వాజ్ బ్రాట్’ తుడిచేసింది. మొదటి పలక మీద ‘ది కరస్పాండెంట్’ అని రాసింది. రెండో పలక మీద ‘సెంట్’, మూడో పలక మీద ‘ది ట్యాంకర్ టు ది పిట్’. కరస్పాండెంటు ట్యాంకరుని గుంటకి పంపాడు. సుద్ద రెండుసార్లు టక్కుమంది. మాస్టారు దాని కింద, అన్ని జాగ్రత్తలూ తీసుకోబడినప్పటికీ అన్న ముక్కని వేలితో చూపించి, ఈ జాగ్రత్తలు ఎవరు తీసుకున్నారని అడిగాడు. ఎవరూ తీసుకోలేదు సార్ అన్నారు పిల్లలు. చేసినవాడు ఎక్కడా లేని వాక్యాన్ని యాక్టివ్‌లోకి మార్చగలరా అన్నాడు. మార్చలేమన్నారు. అయితే అది వాక్యం కాదు, దాన్నీ మిగతా పాసివ్ వాక్యాల్నీ తుడిచెయ్యండి అన్నాడు. తుడిచేశారు.

తర్వాత ఆయనే సుద్ద తీసుకొని బలహీనుడైన బాలుణ్ణి చెరిపి, మొదటి పలక మీద ‘మాలకొండ’ అని రాశాడు. రెండో పలక మీద ‘డైడ్’ అని రాశాడు. చచ్చిపోయాడు. చనిపోవడానికి కర్మ అక్కర్లేదు, మూడో పలక ఖాళీగా ఉంచాలి అని పాఠం చెప్పబోయి ఆ మాట పూర్తి చేయలేకపోయాడు. మేకు కొట్టినట్టు రాసే మనిషి ఆ రెండు మాటల్నీ నాకు తగిలీ తగలనట్టు రాశాడు.

జులేఖ ఇంకా నా దగ్గరే నిలబడి ఉంది. ఇంకో వాక్యం ఉంది సార్ అంది. రాయమన్నాడు. ‘ది టీచర్స్ న్యూ’ అని రాసింది. టీచర్లకి తెలుసు. ఆ పిల్ల ఆయన కళ్లలోకి చూస్తూనే ఉంది. ఆయన ఆ వాక్యం పక్కన టిక్కు పెట్టాడు. తర్వాత మాలకొండ వాక్యాన్నీ ట్యాంకరు వాక్యాన్నీ కలిపి ఆ పిల్ల చేతే ఒక కాంప్లెక్స్ వాక్యం రాయించాడు. ఏది యజమాని, ఏది పాలేరు అని తరగతి అంతా వాదించుకుంది. చివరికి మాలకొండ చనిపోవడమే యజమాని వాక్యమైంది, ట్యాంకరు ‘బికాజ్’ వెనక నిలబడింది.

ఆఫీసరు ఆ మధ్యాహ్నమే దిగాడు. చెమటలు కక్కుతూ, త్వరగా ముగించుకొని పోవాలన్నట్టున్నాడు. రామానుజరావు ఆయన్ని వెంటబెట్టుకొని నవ్వుతూ గదిలోకి వచ్చి, అలవాటుగా నన్ను చరచబోయి చూశాడు. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆయనకి ఇంగ్లీషు అంతగా రాదు గానీ కరస్పాండెంట్ అన్న మాట ఏ భాషలోనైనా గుర్తుపడతాడు. తుడిచెయ్యమని పరంజ్యోతితో మెల్లగా అన్నాడు. పరంజ్యోతి చేతులు కట్టుకొని నిలబడ్డాడు. రామానుజరావు భుజం మీద కండువా తీసి తనే తుడవడం మొదలుపెట్టాడు. ఆ గుడ్డ నా ఒంటి మీద అటూ ఇటూ గరగరలాడింది. తుడిచింది నన్నే గానీ, ఆఫీసరు అప్పటికే జేబులోంచి పెన్ను తీశాడు.

ఇది రాసింది ఎవరని ఆఫీసరు అడిగాడు. మూడు వాక్యాలు తనవనీ రెండు మాటలు సారువనీ జులేఖ చెప్పింది. చెరిపిన చోట ఏముందని అడిగాడు. ఆ పిల్ల చూడకుండా చెప్పింది. వెనక బెంచీలోంచి ఒకడు లేచి అదే వాక్యం చెప్పాడు. తర్వాత ఇంకొకడు. పొద్దున బట్టీ పట్టమన్నది ఏదో, ఇప్పుడు నోటికొచ్చింది ఏదో వాళ్లకే తెలియనట్టు ఒకరి వెనక ఒకరు లేచి చెప్పారు. ఉచ్చారణ ఎవరిదీ బాగాలేదు. ఆఫీసరు రాసుకుంటూనే ఉన్నాడు.

ఆయన వెళ్లాక రామానుజరావు గదిలోనే నిలబడి పరంజ్యోతితో చెప్పాడు. ఈ జిల్లాలో ఇంకే బడీ నిన్ను గుమ్మం తొక్కనియ్యదు, చూస్తా ఉండు అన్నాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు.

బడి గుర్తింపు పోయింది. హాస్టలు మూసేశారు. పిల్లలు తలా ఒక ఊరి బడికి చెదిరిపోయారు, కొందరు గుంటలో రాయి కొట్టడానికే వెళ్లారు. ఊరు కరస్పాండెంటుని తిట్టిందనుకుంటున్నారా? పరంజ్యోతిని తిట్టింది. ఉన్న ఒక్క హాస్టలు బడినీ మూయించాడనీ, పోయిన పిల్లాడు ఎలాగూ రాడు కదా అనీ తిట్టింది. మస్తాన్‌వలి కూతుర్ని మాస్టారు ఎదురుపడ్డా పలకరించొద్దన్నాడు. ఆ పిల్ల వేరే ఊళ్లో పరీక్ష రాసి పాసయిందని తర్వాత విన్నాను. రామానుజరావు మీద కేసు నడిచింది, ఆయన బెయిలు మీద బయటే ఉన్నాడు, గుంటలో పని ఆగలేదు. మాస్టారి భార్య పుట్టింటికి వెళ్లి కొన్నాళ్లుండి తిరిగొచ్చింది.

బడి బెంచీలూ కుర్చీలూ అమ్మేశారు. నన్ను ఎత్తడానికే ఇద్దరు మనుషులు కావాలి, ఎవరూ కొనలేదు. పరంజ్యోతి ఒక ఎడ్లబండి మాట్లాడుకొని వస్తే, దాని మొహం మళ్లీ చూడనని అయ్యగారు చెప్పారు, పట్టుకుపొండి అన్నాడు కాపలావాడు. అలా ఆయన అద్దె ఇంటి వసారాలోకి వచ్చి పడ్డాను. గోడ బలహీనం కావడంతో నేలమీదే ఆనించి నిలబెట్టారు. ట్యూషన్ చెబుతానని ఆయన బోర్డు పెట్టాడు. వచ్చేవాళ్లు తక్కువ, వచ్చినా నాలుగు రోజులుండి మానేసేవారు. ఎవరో వచ్చి నా మీద తారు కుమ్మరించి పోతే ఆయన కిరసనాయిలు గుడ్డతో మూడు పూటలు రుద్దాడు. మచ్చ కొంత ఉండిపోయింది. ఆ రుద్దుతున్నప్పుడు ఆయనని క్షమించేద్దామా అనుకున్నాను, మనసొప్పలేదు.

ఒక పొద్దున గురవయ్య వచ్చాడు. వెంట పదేళ్ల ఆడపిల్ల ఉంది, మాలకొండ చెల్లెలు, పేరు చెన్నమ్మ. పరంజ్యోతి లేచి నిలబడ్డాడు. కూర్చో గురవయ్యా అని స్టూలు జరిపాడు. గురవయ్య కూర్చోలేదు. మాస్టారి భార్య చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. వద్దమ్మా అని, తన భుజాన వేలాడుతున్న నీళ్ల సొరకాయ బుర్ర చూపించాడు.

“నీ మీద కోపం పోలా సారూ. పోదు గూడా. నువ్వు సెప్పుంటే మావోడు బతికేవోడు.”

“అవును.”

“పిల్లకి మాత్రం సదువు సెప్పు. ఆడ ఆపీసరు ముందర నిలబడి సెప్పిందే, ఆ పిల్లకి సెప్పినట్టు సెప్పు.”

పరంజ్యోతి చెన్నమ్మని నా ముందుకి తీసుకొచ్చాడు. ఆ పిల్ల నా మీది మచ్చని చూసి, ఇదేంటని అడిగింది. మనుషులు పోశారు అని ఆయన చెప్పబోయి ఆగి, ఎవరు పోశారో నాకు తెలియదమ్మా, తెలిస్తే పేరు చెప్పేవాణ్ణి అన్నాడు. సుద్దముక్క ఆ పిల్ల చేతికిచ్చాడు. ఆ పిల్లకి బెదురు, నా మీద చిన్నగా, వంకరగా గీత పెట్టింది. ఆయన తిట్టలేదు.

గురవయ్య ఇప్పుడు రోజూ వస్తాడు. పిల్లని వసారాలోకి పంపి, మెట్టు మీద వీధివైపు తిరిగి కూర్చుంటాడు. మాకు వీపు మాత్రమే కనిపిస్తుంది. ఎండ ముఖం మీద పడుతున్నా ఇటు జరగడు, మాస్టారితో మాట్లాడడు, మాస్టారి భార్య ఇచ్చే నీళ్లు ముట్టడు. పాఠం అయ్యాక పిల్ల చెయ్యి పట్టుకొని వెళ్లిపోతాడు. ఒక్కరోజు కూడా మానలేదు.